లొయాంగ్‌లో రెండు రాత్రులు ఉండండి, ఆ తర్వాతే షావోలిన్ బస్సు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. దసరా సెలవుల్లో మీరు, మీ భార్య, అమ్మగారు (62 ఏళ్ళు, శాకాహారి, మోకాళ్ళ నొప్పి) చైనాలో షియాన్ నుంచి లొయాంగ్ వెళ్తారు. అక్కడ ఒక పగలు బుద్ధ విగ్రహాలు చెక్కిన లాంగ్‌మెన్ గుహలు చూస్తారు. మర్నాడు బస్సులో కుంగ్‌ఫూకి పేరుపడ్డ షావోలిన్ గుడి చూసుకుని, రాత్రికి జెంగ్‌జౌలో మెడిసిన్ చదువుతున్న తమ్ముడి దగ్గరకు చేరాలి. అక్కడి నుంచి బీజింగ్‌కు రాత్రి స్లీపర్ బస్సులో వెళ్దామని కూడా ఆలోచన. చైనీస్ ఒక్క ముక్క రాదు. బస్సు నమ్ముకోవచ్చా, లేక డబ్బులు పోతే పోయాయని టూర్ వాళ్ళకు అప్పజెప్పాలా?

బస్సు నమ్ముకోండి. టూర్ వద్దు. కానీ మీరు వేసుకున్న ప్లాన్ మాత్రం నడవదు.

నేనేమీ టూర్ గైడ్‌ని కాదు. విజయవాడ ఆటోనగర్‌లో మాకు బేరింగుల వ్యాపారం. బేరింగులకు, ట్రాక్టర్లకు లొయాంగ్ పెట్టింది పేరు, అందుకే 2011 నుంచి కోవిడ్ వచ్చేదాకా ఏడాదికి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. మొన్న 2024లో మళ్ళీ వెళ్ళాను. ఫ్యాక్టరీ పని మూడు రోజులుంటే మిగతా రెండు రోజులు ఊరి మీద పడేవాణ్ణి. అలా తెలిసిన సంగతులే ఇవి.

అన్నిటికంటే ముందు తేదీల గురించి. అక్టోబరు 4న లొయాంగ్‌లో దిగుతామని రాశారు. దయచేసి మార్చుకోండి. అక్టోబరు 1 చైనా జాతీయ దినోత్సవం. అప్పటినుంచి వారం రోజులు దేశం మొత్తానికి సెలవులు. మన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊళ్ళకు వెళ్ళే రద్దీ చూశారు కదా, దాన్ని చైనా జనాభాతో హెచ్చవేసుకోండి. ఒకసారి నేను తెలియక అక్టోబరు 3న లాంగ్‌మెన్ గుహలకు వెళ్ళాను. పెద్ద బుద్ధుడి ముందు నిలబడటానికి మెట్ల మీద క్యూలో ముక్కాలు గంట పట్టింది, పైకి వెళ్ళాక చూసిందంతా ఎత్తి పట్టుకున్న సెల్‌ఫోన్లే. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషిని ఆ గుంపులోకి తీసుకెళ్ళడం పాపం. దసరా సెలవులు, వాళ్ళ సెలవులు ఒకేసారి రావడం మన దురదృష్టం. ఓ వారం వెనక్కి జరిపి 9 లేదా 10వ తేదీన దిగితే అదే ఊరు ప్రశాంతంగా ఉంటుంది, హోటల్ రేట్లు కూడా దిగుతాయి. వాతావరణం కూడా చల్లగా, హాయిగా ఉంటుంది. ఏప్రిల్‌లో పియోనీ పూల సీజన్ అని ఎవరైనా ఊరిస్తారు. పూలు నిజంగానే బాగుంటాయి, కానీ అప్పుడూ ఇదే రద్దీ.

రెండో మార్పు రోజులది. లొయాంగ్‌కు ఒక పగలు చాలదు. అక్కడ రెండు రాత్రులు, షావోలిన్ పక్కన ఉన్న డెంగ్‌ఫెంగ్ అనే చిన్న ఊళ్ళో ఒక రాత్రి పెట్టుకోండి. డెంగ్‌ఫెంగ్‌లో ఎందుకో బస్సు దగ్గరికి వచ్చాక చెబుతాను.

షియాన్ నుంచి హైస్పీడ్ రైలు గంటన్నర, రెండు గంటల్లో లొయాంగ్ లాంగ్‌మెన్ స్టేషన్‌లో దించుతుంది. ఊళ్ళో లొయాంగ్ పేరుతో ఇంకో పాత స్టేషన్ కూడా ఉంది, అది ఊరి మధ్యలో ఉంటుంది. టికెట్ కొనేటప్పుడు ఏ స్టేషనో చూసుకోండి. రెంటినీ కలుపుతూ మెట్రో రెండో లైన్ ఉంది (2021లో మొదలైంది), కాబట్టి పొరపాటు జరిగినా పెద్దగా నష్టం లేదు. హోటల్ మాత్రం పాత స్టేషన్‌కూ పాతబస్తీకీ మధ్యలో, మెట్రోకి దగ్గరగా తీసుకోండి. గుహలు దగ్గరని చాలామంది లాంగ్‌మెన్ స్టేషన్ పక్కన దిగుతారు. సాయంత్రం అయ్యాక అక్కడ చేయడానికి ఏమీ ఉండదు. పైగా మీరు ఎక్కాల్సిన బస్సు పాత స్టేషన్ దగ్గరే.

దిగిన రోజు సాయంత్రం పాతబస్తీకి వెళ్ళండి. లీజింగ్ ద్వారం దాటి లోపలికి నడిస్తే సన్న వీధులు, లాంతర్లు, తినుబండారాల బళ్ళు. ద్వారం కొత్తగా కట్టిందే, పాతదనుకుని మోసపోకండి. చూడాల్సింది మనుషుల్ని. అద్దెకు తీసుకున్న టాంగ్ కాలపు పట్టుబట్టలు, తలలో పూలు, నుదుట బొట్టులాంటి అలంకారం పెట్టుకుని కాలేజీ అమ్మాయిలు వందల సంఖ్యలో ఫొటోలు దిగుతుంటారు. మీ భార్య చీర కట్టుకుని వెళ్ళారంటే ఆ సాయంత్రం ఫొటోల్లో నిలబడక తప్పదు. 2024లో మా ఆవిడను నాతో తీసుకెళ్ళాను. ఆవిడ కంచిపట్టు చూసి ఒకమ్మాయి ఏ షాపులో అద్దెకిచ్చారని అడిగింది!

మర్నాడు పొద్దున్న లాంగ్‌మెన్. పొద్దున్న అని ఊరికే అనలేదు. పెద్ద శిల్పాలన్నీ యీ నదికి పడమటి గట్టున, తూర్పు ముఖంగా ఉన్నాయి. ఎండ వాటి ముఖాల మీద పడేది ఉదయమే. మధ్యాహ్నం దాటితే కొండ నీడలోకి వెళ్ళిపోతాయి. గేటు తెరిచే వేళకు అక్కడుండేలా బయల్దేరండి. పాత స్టేషన్ నుంచి 81వ నంబరు సిటీ బస్సు వెళ్తుంది, కానీ ముగ్గురున్నారు కాబట్టి టాక్సీయే మేలు. టికెట్ 90 యువాన్లు. అందులోనే పడమటి కొండ, తూర్పు కొండ, షియాంగ్‌షాన్ గుడి, కవి బాయ్ జూయీ సమాధి ఉన్న తోట అన్నీ కలిసి ఉంటాయి. గేటు దగ్గర నుంచి బ్యాటరీ బండి ఉంటుంది, అమ్మగారి కోసం దానికి విడిగా కొనుక్కోండి.

ఉత్తర వేయ్ రాజులు 493 ప్రాంతంలో రాజధానిని ఉత్తరం నుంచి లొయాంగ్‌కు మార్చినప్పుడు ఈ సున్నపురాయి కొండను చెక్కడం మొదలైంది. ఆ తర్వాత దాదాపు నాలుగు వందల ఏళ్ళు ఉలి ఆగలేదు. 2,300కు పైగా గుహలు, గూళ్ళు. లక్ష దాకా విగ్రహాలు. వేలెడంత బుద్ధుడి నుంచి అయిదంతస్తుల బుద్ధుడి దాకా ఉన్నాయి. యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అన్నీ చూడాలని పూనుకోకండి, అలిసిపోతారు. నేనైతే మూడు చోట్ల ఆగుతాను.

మొదటిది బిన్‌యాంగ్ గుహ. లోపల బుద్ధుడికి ఎదురుగా, వాకిలికి రెండు పక్కలా గోడ మీద ఒకప్పుడు చక్రవర్తి, మహారాణి ఊరేగింపుగా వస్తున్న శిల్పాలుండేవి. 1930ల్లో వాటిని ముక్కలు ముక్కలుగా పగలగొట్టి అమ్ముకున్నారు. ఒకటి ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, రెండోది కాన్సస్ సిటీలో ఉన్నాయి. గోడ మీద మిగిలిన ఆ గాయం చూస్తుంటే నాకు మన అమరావతి స్తూపం గుర్తొస్తుంది. ఆ శిల్పాల్లో ఎన్నిటినో చూడటానికి మనం లండన్ వెళ్ళాలి, వీళ్ళ రాణిని చూడటానికి వీళ్ళు అమెరికా వెళ్ళాలి. దారి పొడుగునా తలలు లేని విగ్రహాలు కనిపిస్తాయి, వాటిలో చాలావాటి కథ ఇదే.

రెండోది మందుల గుహ. వాకిలి గోడల మీద 140 దాకా వైద్యం చిట్కాలు చెక్కి ఉన్నాయి. దారిన పోయే పేదవాడు ఎవరైనా చదువుకుని వాడుకోవచ్చు. దీని ఫొటో తీసుకెళ్ళి మీ తమ్ముడికి చూపించండి, సిలబస్‌లో లేదంటాడు.

మూడోది చెప్పక్కర్లేదు, ఫెంగ్‌షియాన్ వేదిక మీద వైరోచన బుద్ధుడు. 17.14 మీటర్ల ఎత్తు, ఒక్కో చెవి మనిషికంటే పొడుగు. 675లో పూర్తయింది. అప్పటికి రాణిగా ఉన్న వూ జెతియాన్ తన అలంకరణ ఖర్చుల సొమ్ములోంచి 20,000 దండల నాణేలు ఇచ్చిందని అక్కడి శాసనం చెబుతుంది. ఈవిడే తర్వాత 690లో తానే చక్రవర్తినని ప్రకటించుకుని లొయాంగ్ నుంచి పాలించింది. చైనా చరిత్రలో అలా చక్రవర్తి పట్టం కట్టుకున్న ఏకైక మహిళ. బుద్ధుడి ముఖం ఆవిడ పోలికేనని గైడ్లంతా చెబుతారు. నిజమో కాదో గానీ, ఆ పెదవుల మీద నవ్వు చూశాక నేను వాదించే స్థితిలో ఉండను.

ఆ వేదిక మీదికి మెట్లు నిటారుగా ఉంటాయి. అమ్మగారు ఎక్కలేకపోతే బాధపడకండి. వంతెన దాటి తూర్పు గట్టుకు వెళ్తే నది అవతల కొండ మొత్తం, మధ్యలో ఆ బుద్ధుడు, ఒకే చూపులో కనిపిస్తాయి. నా మటుకు అక్కడి నుంచి చూసిందే బాగుంటుంది. అక్కడ కూర్చోబెట్టి, మీరిద్దరూ పైకి వెళ్ళి రండి.

మధ్యాహ్నం గదికొచ్చి ఓ కునుకు తీసి, మూడింటికి తెల్లగుర్రం గుడికి వెళ్ళండి. ఊరికి తూర్పున 12 కిలోమీటర్లు. క్రీ.శ. 68లో కట్టిన ఈ గుడి చైనాలో మొదటి బౌద్ధ ఆలయంగా పేరు పొందింది. మన దేశం నుంచి కాశ్యప మాతంగుడు, ధర్మరత్నుడు అనే ఇద్దరు భిక్షువులు తెల్లగుర్రం మీద గ్రంథాలు తెచ్చారట. వాళ్ళిద్దరి సమాధులూ గేటు లోపల తూర్పున ఒకటి, పడమట ఒకటి, గడ్డి మొలిచిన మట్టి దిబ్బల్లా ఉంటాయి. చైనీస్ టూరిస్టులు వాటిని దాటుకుని గబగబా లోపలికి వెళ్ళిపోతారు. మనవాళ్ళు అక్కడ కాసేపు ఆగాలనిపిస్తుంది. పడమటివైపు విదేశీ ఆలయాల ఆవరణలో సాంచి స్తూపం నమూనాలో భారతదేశం కట్టించిన మందిరం ఉంది. 2010 మేలో అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. పక్కనే థాయ్, బర్మా ఆలయాలూ ఉన్నాయి. థాయ్‌వాళ్ళది బంగారంలా మెరుస్తుంటుంది, మనది సాదాగా ఉంటుంది. అమ్మగారికి మాత్రం మనదే నచ్చుతుంది, అక్కడ ఎండలో మెట్లెక్కే పని తక్కువ.

ఇప్పుడు బస్సు సంగతి. దానికి ముందు ఒక చిన్న కథ, ఎందుకంటే ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇదే. మనం బళ్ళో హ్యూయాన్‌త్సాంగ్ అని చదువుకున్నామే, ఆయన పుట్టింది లొయాంగ్ తూర్పున, ఇప్పుడు ఆ నగరంలో కలిసిపోయిన యాన్‌షి ప్రాంతంలో. ఆయన మన వేంగికి, ధాన్యకటకానికి వచ్చి చూసి, రాసుకుని వెళ్ళినవాడు. 645లో తిరిగొచ్చాక లొయాంగ్‌లోనే తాయ్‌జోంగ్ చక్రవర్తిని కలిసి, తెచ్చిన గ్రంథాలను షావోలిన్‌లో కూర్చుని అనువదించుకుంటానని అడిగాడు. చక్రవర్తి కుదరదన్నాడు, రాజధాని చాంగాన్‌లోనే ఉండమన్నాడు. పన్నెండేళ్ళ తర్వాత తాయ్‌జోంగ్ కొడుకుని మళ్ళీ అడిగాడు. మళ్ళీ కాదనే జవాబు. ఇండియా దాకా నడిచి వెళ్ళొచ్చిన మనిషికి సొంతూరి పక్కనున్న గుడిలో ఉండటానికి అనుమతి దొరకలేదు. లొయాంగ్ నుంచి షావోలిన్ దాకా మీరు వెళ్ళేది ఆ అరవై కిలోమీటర్ల దారిలోనే. నేను వెళ్ళినప్పుడల్లా బస్సు టికెట్ ముప్ఫై యువాన్లు దాటలేదు.

షావోలిన్ గుడికి రైలు లేదు. కాబట్టి బస్సు, లేదా కారు. బస్ స్టేషన్ పాత రైల్వే స్టేషన్‌కు ఎదురుగా ఉంటుంది. చైనీస్‌లో దూరప్రాంతపు బస్సును ‘ఛాంగ్‌తూ చీఛో’ అంటారు, ఈ మాట తెలిస్తే టాక్సీ డ్రైవరు సరైన చోటికి తీసుకెళ్తాడు. హైస్పీడ్ రైళ్ళు వచ్చాక దేశమంతటా ఈ బస్సులు బాగా తగ్గిపోయాయి, కాబట్టి టైము ముందురోజే వెళ్ళి కనుక్కోవాలి. తెల్లగుర్రం గుడి నుంచి తిరిగొచ్చేటప్పుడు అక్కడ దిగి మర్నాటి టికెట్లు కూడా కొనేసుకోండి.

స్టేషన్ మన పండిట్ నెహ్రూ బస్టాండులా ఉండదు, చిన్న ఎయిర్‌పోర్టులా ఉంటుంది. గుమ్మంలోనే సామాను ఎక్స్‌రే. కూరగాయలు తరిగే చాకు, లైటరు ఉంటే తీసేసుకుంటారు. టికెట్ పాస్‌పోర్టు పేరు మీదే ఇస్తారు, ముగ్గురివీ కావాలి. ఒకసారి నేను పాస్‌పోర్టు హోటల్లో మర్చిపోయి, సెల్‌లో ఫొటో చూపించి బతిమాలాను. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూనే తల అడ్డంగా ఊపింది. ఆ రోజు బస్సు పోయింది. సెల్ఫ్ సర్వీసు మెషీన్లు స్థానికుల గుర్తింపు కార్డు కోసం పెట్టినవి, మీరు నేరుగా మనిషి ఉన్న కౌంటరుకే వెళ్ళండి. మాట రాదు కాబట్టి ముందే ఫోన్లో ‘రేపు, ఫలానా టైము, డెంగ్‌ఫెంగ్, ముగ్గురికి’ అని చైనీస్ అక్షరాల్లో రాయించుకుని స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. గట్టిగా పలికితే ఎవరికీ అర్థం కాదు, చూపిస్తే అందరికీ అర్థమవుతుంది. టికెట్ మీద గేటు నంబరు, టైము ఉంటాయి. టైముకి పది నిమిషాల ముందు గేటు తెరుస్తారు, చెప్పిన టైముకి బస్సు కదులుతుంది. మన ఊళ్ళోలాగా ‘ఇంకో ఇద్దరొస్తే వెళ్దాం’ అనేది స్టేషన్ లోపల ఉండదు. స్టేషన్ దాటాక రోడ్డు మీద ఒకరిద్దర్ని ఎక్కించుకోవడం మాత్రం నేను చూశాను, మనిషి స్వభావం ఎక్కడైనా ఒకటే.

టూర్ ఎందుకు వద్దన్నానంటే, స్వానుభవం. రైల్వే స్టేషన్ బయట కాలు పెట్టగానే అట్టముక్కలు పట్టుకుని ‘షావోలిన్, షావోలిన్’ అని వెంటపడతారు. ఒక్క రోజులో షావోలిన్, తెల్లగుర్రం గుడి, భోజనం, గైడు, అన్నీ కలిపి చవగ్గా. 2012లో నేనూ ఎక్కాను. ఆ మినీబస్సు మొదట ఓ జేడ్ నగల షోరూము దగ్గర గంట, తర్వాత ఓ మూలికల మందుల దుకాణం దగ్గర ముక్కాలు గంట ఆగింది. షావోలిన్ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అక్కడ ఇచ్చింది గంటన్నర. గైడు మాట్లాడిందంతా చైనీస్. తెల్లగుర్రం గుడి చేరేసరికి గేటు మూస్తున్నారు. మామూలు సర్వీసు బస్సుకు టికెట్ ఎక్కడ కొనాలో తెలియక నేను పోగొట్టుకున్న రోజు అది. మీకు అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి నేరుగా గుడి దగ్గర దిగకుండా డెంగ్‌ఫెంగ్ వెళ్ళిపోండి. కారణం మీ సూట్‌కేసులు. మూడు పెద్ద పెట్టెలతో కొండ దగ్గర దిగి, వాటిని ఎక్కడ పెట్టాలో వెతుక్కునే టెన్షన్ ఎందుకు? డెంగ్‌ఫెంగ్ హోటల్లో సామాను పడేస్తే గుడి అక్కడికి 13 కిలోమీటర్లే. హోటల్ బుక్ చేసేటప్పుడు విదేశీయుల్ని తీసుకుంటారో లేదో ముందే మెసేజ్ పెట్టి అడగండి. చిన్న ఊళ్ళలో పాస్‌పోర్టు వివరాలు ఎక్కించడం రాక రిసెప్షన్‌లో కంగారు పడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇంకో ఉపాయం, పెద్ద పెట్టెల్ని లొయాంగ్ నుంచే కొరియర్‌లో తమ్ముడి హాస్టల్‌కు పంపేసి, భుజాన వేసుకునే బ్యాగులతో తిరగడం. చైనాలో కొరియర్ చవక, మర్నాటికో ఆ మర్నాటికో చేరుతుంది. నేను శాంపిల్ బేరింగులు అలాగే పంపేవాణ్ణి.

మిగిలిన ఆ మధ్యాహ్నం సాంగ్యే స్తూపానికి పెట్టుకోండి. ఊరికి దగ్గర్లోనే సాంగ్‌షాన్ కొండ కింద ఉంటుంది. 6వ శతాబ్దం తొలి భాగంలో కట్టింది, పన్నెండు ముఖాలు, నలభై మీటర్ల దాకా ఎత్తు, చైనాలో నిలిచివున్న ఇటుక స్తూపాల్లో ఇదే అతి పాతది. టూర్ బస్సులు అటు పోవు. నేను వెళ్ళిన రోజు అక్కడ నేను, ఒక కుక్క, ఊడ్చే ముసలాయన, అంతే. షావోలిన్ కంటే ముందు ఇది చూస్తే మంచిది, ఎందుకంటే తర్వాతి రోజు కనబడే చాలా కట్టడాలు కొత్తవి.

అవును, షావోలిన్ గురించి ముందే చెప్పాలి. 495లో బాతువో అనే భారతీయ భిక్షువు కోసం రాజు కట్టించిన ఆ గుడిలో చాలాభాగం 1928లో ఒక యుద్ధ నాయకుడి సైన్యం నిప్పు పెడితే కాలిపోయింది. ఇప్పుడు కనిపించే పెద్ద మండపాలు ఆ తర్వాత తిరిగి కట్టినవి. గేటు నుంచి గుడిదాకా కుంగ్‌ఫూ బడులు, అమ్మకాలు, స్పీకర్లు. ఏదో మౌనంగా ఉండే ఆశ్రమాన్ని ఊహించుకుని వెళ్తే నిరాశ ఖాయం. టికెట్ 80 యువాన్లు. కుంగ్‌ఫూ ప్రదర్శన అందులోనే ఉంటుంది, అరగంట, రోజుకు చాలాసార్లు. పిల్లలు గాలిలో పల్టీలు కొడుతుంటే బాగానే ఉంటుంది, దానికోసం వెళ్ళక్కర్లేదు గానీ వదలక్కర్లేదు. వెనకాల ఉన్న వేయి బుద్ధుల మండపంలో నేల చూడండి. భిక్షువులు తరాల తరబడి కాళ్ళు నేలకేసి కొట్టి సాధన చేసిన చోట నేలకు పరిచిన ఇటుకలు గిన్నెల్లా కుంగిపోయాయి. స్టేజి మీద పల్టీలన్నిటికంటే నన్ను ఆపేసింది ఆ గుంతలే. ఆ తర్వాత స్తూపాల వనం. చనిపోయిన ఆచార్యులకు కట్టిన 240కి పైగా చిన్న స్తూపాలు చెట్ల మధ్య ఉంటాయి. పొద్దున్నే తొలి బృందంతో వెళ్తే అక్కడ నిజంగా నిశ్శబ్దం దొరుకుతుంది. డెంగ్‌ఫెంగ్‌లో రాత్రి ఉండమన్నది ఇందుకు కూడా.

మనవాళ్ళంతా వెతికేది బోధిధర్ముణ్ణి. అక్కడ ఆయన్ని దామో అంటారు, బోధిధర్మ అంటే ఎవరికీ తెలియదు. తొమ్మిదేళ్ళు గోడకు ముఖం పెట్టి ధ్యానం చేశాడనే గుహ గుడి వెనక కొండ మీద ఉంది. పైకి గంటకు పైగా మెట్లు, అమ్మగారికి వద్దు. ఆయన మన కంచి రాకుమారుడని ఖాయంగా చెప్పుకుంటాం. కానీ ఆయన్ని గురించి దొరికిన అతి పాత రాత, 547 నాటిది, ఆయన పారశీక దేశం నుంచి వచ్చాడంటుంది. లొయాంగ్‌లో యోంగ్‌నింగ్ ఆలయ గోపురం చూసి, నాకు నూటయాభై ఏళ్ళు, ఇలాంటిది ఎక్కడా చూడలేదని చేతులు జోడించి రోజుల తరబడి స్తుతించాడట. ఆ గోపురం 534లోనే కాలిపోయింది. దక్షిణ భారతం అనే మాట తర్వాతి రాతల్లో వస్తుంది. ఇది చెబితే మా ఆటోనగర్‌లో కొట్టినంత పని చేశారు, మీరు జాగ్రత్త.

తిండి సంగతి. ‘వో ఛ సూ’ అంటే నేను శాకాహారం తింటాను. ‘బూ యావ్ రౌ’ అంటే మాంసం వద్దు. ఇవీ రాసి చూపించడమే మేలు. కూరలో మాంసం వేయకపోయినా పంది కొవ్వుతో వేపే అలవాటు కొన్ని చోట్ల ఉంది, చికెన్ పొడి చల్లే అలవాటు ఇంకా ఎక్కువ. అందుకని ఆ రెండూ వద్దని విడిగా రాయించుకోండి. ‘ది సాన్ షియాన్’ అడగండి, వంకాయ, బంగాళాదుంప, క్యాప్సికం వేపుడు. ‘సువాన్ లా తూదౌ స్’ అంటే పుల్లపుల్లగా, కారంగా సన్నటి ఆలుగడ్డ తురుము. వీటితో అన్నం పెట్టుకుంటే మనిషి బతుకుతాడు. లొయాంగ్‌లో ప్రసిద్ధమైన ఇరవై నాలుగు రకాల ‘నీటి విందు’ అమ్మగారి జోలికి రాకూడదు, అందులో చాలావరకు మాంసం పులుసులే. పొద్దున్న ఊరంతా పశుమాంసం పులుసు వాసన వస్తుంది, హోటల్లోనే టిఫిన్ చేసి బయటికి రండి. వేడినీళ్ళు రైలు, బస్ స్టేషన్, గది, ఎక్కడైనా ఉచితం. ఇన్‌స్టంట్ ఉప్మా, పులిహోర ప్యాకెట్లు, ఒక ఫ్లాస్కు తెచ్చుకోండి. పచ్చళ్ళు చెక్-ఇన్ సామానులో పెట్టండి. నెయ్యి, పాలపదార్థాలు, పచ్చి పళ్ళు కస్టమ్స్‌వాళ్ళు ఒప్పుకోరు, అమ్మగారు ఎంత చెప్పినా సర్దకండి. కోడిగుడ్డు విషయం మాత్రం తప్పక చెప్పండి, చాలామందికి అది శాకాహారమే.

ఫోన్ చచ్చిపోతే మీ డబ్బు, దారి, మాట మూడూ పోతాయి. ఇండియాలో ఉండగానే అలీపే (ఫోన్‌తో డబ్బులు కట్టే చైనా యాప్) పెట్టుకుని పాస్‌పోర్టుతో వెరిఫై చేసి, వీసా లేదా మాస్టర్ కార్డు కలపండి. 200 యువాన్లు దాటిన ప్రతి చెల్లింపుకు 3 శాతం ఫీజు పడుతుంది, అంతకు లోపల పడదు. అయినా ఓ అయిదారు వందల యువాన్లు నోట్లు దగ్గరుంచుకోండి, బస్ కౌంటర్లో ఒకోసారి అవే పనికొస్తాయి. వాట్సాప్, గూగుల్ అక్కడి వైఫైలో తెరుచుకోవు. మన సిమ్ రోమింగ్‌లో అయితే పనిచేస్తాయి. పవర్ బ్యాంకు తప్పనిసరి, కానీ చైనా లోపలి విమానాల్లో 3సీ గుర్తు (చైనా భద్రతా ముద్ర) లేనివి 2025 జూన్ 28 నుంచి అనుమతించడం లేదు. షియాన్‌కు విమానంలో వస్తుంటే చూసుకోండి.

చివరిగా, జెంగ్‌జౌ నుంచి బీజింగ్‌కు రాత్రి స్లీపర్ బస్సు ఆలోచన మానేయండి. వరుస ప్రమాదాల తర్వాత 2012 నుంచి చైనాలో కొత్త స్లీపర్ బస్సులకు రిజిస్ట్రేషన్ లేదు. దూరపు బస్సులు రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఎక్కడో పక్కన ఆగాలని నిబంధన కూడా ఉంది. హైస్పీడ్ రైల్లో మూడు గంటల పని అది.

నాలుగో రోజు షావోలిన్ చూసుకుని డెంగ్‌ఫెంగ్ వచ్చి, సామాను తీసుకుని, మూడు, నాలుగు గంటల మధ్య జెంగ్‌జౌ బస్సెక్కండి. గంటన్నర, రెండు గంటలు. చీకటి పడేలోపు చేరతారు. జెంగ్‌జౌలో బస్ స్టేషన్లు ఒకటి కాదు, ఏ స్టేషనో మీ టికెట్ మీద రాసి ఉంటుంది. బస్సు కదలకముందే ఆ టికెట్ ఫొటో తమ్ముడికి పంపండి. వాడు సరైన చోటికి వస్తాడు, మీరు పెట్టెలతో రోడ్డు మీద నిలబడక్కర్లేదు.